రోమెడ్ కట్టిన కిరీటం

భయపడేవాళ్లను రోమెడ్ కాళ్లు చూసి పట్టేసేవాడు. మొహాలను నమ్మేవాడు కాదు. కొండ మీద జారుడుబండి కోసం వరసలో నిలబడ్డవాళ్లలో గట్టిగా నవ్వుతూ, పక్కవాణ్ణి ఆటపట్టిస్తూ, ఫోటోలు తీసుకుంటూ ఉన్నవాడే ఒక్కోసారి అందరికంటే ఎక్కువ భయపడుతుంటాడు. మొహం దాచుకోగలడు గానీ కాళ్లు దాచుకోలేడు. మడమ నేలకు ఆనదు, బూటు ఉన్నచోట ఉండదు. అలాంటివాణ్ణి చూడగానే రోమెడ్ వరసలో ముందున్న ఇద్దరిని పంపేసి, కాస్త తీరిక చేసుకుని, తన నల్ల టోపీ వెనక్కి తోసుకునేవాడు.

ఆస్ట్రియా కొండల్లో, టిరోల్‌లో మా లోయకు ఈ జారుడుబండి వచ్చి ఇరవై ఏళ్లు కావస్తోంది. పైన ఎత్తు పచ్చిక నుంచి కింద చర్చి వెనక దాకా ఇనప పట్టాలు, చెట్ల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ దిగుతాయి. బండికి ఇద్దరు. ఎంత వేగంగా పోవాలో ఎక్కినవాళ్ల చేతిలోనే ఉంటుంది. అందుకని పిల్లలున్న సంసారులు, పెద్దవాళ్లు, ఒక్కసారి భయపడి చూద్దామనుకుంటూనే ఆ భయం ఎంతుంటుందో ముందే తెలిస్తే బాగుణ్ణనుకునేవాళ్లు ఇక్కడికి వస్తారు. వాళ్లను చూసి ముసిముసిగా నవ్వే కుర్రకారు మా ఊళ్లోనూ ఉన్నారు. రోమెడ్ ముందు మాత్రం నోరు మెదపరు. "భయం లేనివాణ్ణి నేను బండెక్కించను" అనేవాడు. "వాడు వాడి మెడతోపాటు ముందున్నవాడి మెడ కూడా విరుస్తాడు."

ఒక మనిషి ఎర్ర టోపీ పెట్టుకుని, రెండు జడల కూతుర్ని చంకనెత్తుకుని వచ్చాడనుకోండి. అతని బూట్లు చూసి రోమెడ్ అనేవాడు, "పాప ముందు, మీరు వెనక. ఈ రెండు పిడులూ మీవి. ముందుకు తోస్తే బండి పోతుంది, వెనక్కి లాగితే నెమ్మదిస్తుంది. చేతులు వదిలేశారా, దానంతట అదే ఆగుతుంది."

"మధ్యలో ఆగిపోతే?"

"ఆగితే కాసేపు కొండ చూడండి. దానికేం డబ్బు తీసుకోం."

"మా వెనకవాళ్లు వచ్చి గుద్దరు కదా?"

"వెనకవాళ్లను పంపేది నేను. మీరు కిందకి చేరారని నాకు కబురొచ్చాకే పంపుతా. నత్తలాగా వెళ్లండి. ముందెళ్లినవాడికీ మీకూ కింద ఇచ్చేది ఒకే కాఫీ."

అతను ఇంకా బండి అంచు పట్టుకునే ఉంటే రోమెడ్ పాపతో అనేవాడు, "మీ నాన్నను జాగ్రత్తగా తీసుకెళ్లు తల్లీ." పాప నవ్వేది. పాప నవ్వితే తండ్రి చేయి సడలేది. బండి కదిలాక రోమెడ్ గదిలోకి వెళ్లి గోడకున్న ఫోను ఎత్తేవాడు. "ఎర్ర టోపీ తండ్రి, రెండు జడల పాప. తండ్రికే భయం. చూసుకో."

కింద ఆ ఫోను ఎత్తేది అతని భార్య అఫ్రా. బండి ఆఖరి మెలిక తిరిగి పచ్చికలోకి రాగానే నడుం మీద చేయి పెట్టుకుని ఎదురెళ్లేది. "వచ్చారా ఎర్రటోపీ గారూ. మీకోసమే చూస్తున్నా. పాపా, నాన్నను భలే తెచ్చావే, మంచిదానివి." ముక్కూమొహం తెలియని ఊళ్లో ఎవరో తమ కోసం ఎదురుచూశారని తెలిస్తే ఎంతటివాడికైనా మొహం విప్పారుతుంది. రెండోసారి టిక్కెట్టు కొనుక్కోవడానికి వెళ్లేవాళ్లలో సగంమంది ఆ ఎదురుకోలు కోసమే వెళ్లేవాళ్లని నేనంటాను. బండి నడిపే సంఘంవాళ్లు రంగు కాగితాల మీద ఎన్నెన్నో అచ్చేయించారు గానీ ఈ సంగతి ఎవడికీ తట్టలేదు.

పొద్దున్నే రోమెడ్ తీగ మీద వేలాడుతూ కొండెక్కే కుర్చీలో పైకి వెళ్లేవాడు. అఫ్రా కింద ఉండేది. సాయంత్రం దాకా ఆ ఇద్దరి మధ్య కొండంత దూరం. వాళ్లు జీవితంలో మాట్లాడుకున్న మాటల్లో చాలా వాటా ఆ ఫోను తీగ మీదే నడిచింది. పోట్లాటలు కూడా. "నీలం చొక్కా, లావాటి ఆయన, ఒంటరిగా వస్తున్నాడు, కాస్త నవ్వించు" అని అతనంటే, "నవ్విస్తాలే. పొద్దున రొట్టె డబ్బా మర్చిపోయి వెళ్లావు, నిన్నెవరు నవ్విస్తారు" అని ఆవిడ. వాళ్లకు పిల్లలు లేరు. ఊరికే ఉండలేని మనిషి అఫ్రా. బండి దిగిన ప్రతి పిల్లనూ ఒకసారి ఎత్తుకుంటే గానీ ఆవిడ చేతులకు తోచేది కాదు.

కిరీటం సంగతి మొదలుపెట్టింది కూడా అఫ్రానే.

మా దగ్గర సెప్టెంబరులో ఆవులు ఎత్తు పచ్చికల నుంచి కిందికి దిగుతాయి. వేసవంతా పైనే మేస్తాయి. ఆ వేసవి చల్లగా గడిస్తే, అంటే మందలో ఒక్క ఆవూ పోకుండా, ఇంట్లో ఒక్క మనిషీ పోకుండా గడిస్తే, ముందావుకు కిరీటం కడతారు. ఫర్ చెట్టు కొమ్మలు, కాగితం గులాబీలు, మధ్యలో దిష్టి తగలకుండా చిన్న అద్దం. పెద్ద గంటలు మోగిస్తూ ఊళ్లోకి తెస్తారు, బ్యాండువాళ్లు ఎదురెళతారు. ఎవరైనా పోయారా, పూలుండవు. గంటల్లో ఎండుగడ్డి కుక్కి మోగకుండా చేస్తారు. మంద చడీచప్పుడూ లేకుండా దిగుతుంది. దారి పక్కనున్నవాళ్లు టోపీలు తీస్తారు. ఏం జరిగిందని ఎవరూ అడగరు.

జారుడుబండి పెట్టిన మొదటి వేసవి ఎవరికీ గోరంత దెబ్బ కూడా తగలకుండా గడిచింది. ఆఖరి రోజున అఫ్రా ఫోన్లో అంది, "ఆవులకు కడతాం, బండికెందుకు కట్టకూడదు? ఇదీ పైకెళ్లి క్షేమంగా దిగిందేగా." రోమెడ్ అప్పటికప్పుడు కొమ్మలు విరిచి చిన్న కిరీటం అల్లి ఆఖరి బండి ముందు కట్టాడు. ఆ బండిలో తనే దిగాడు. దారి పొడుగునా బ్రేకు లాగిపట్టే ఉంచాడు. కిందికి చేరేసరికి అఫ్రా నవ్వీనవ్వీ కళ్లు తుడుచుకుంటోంది. "పిరికివాడొస్తున్నాడు, దారివ్వండి" అని ఊరంతా వినేలా అరిచింది. అది మొదలు ఏటా అదే. అదే కిరీటం, అదే బ్రేకు, అదే కేక. వచ్చినవాళ్లకు నచ్చింది, సంఘం దాన్నొక పండగ చేసింది. ఊరికి పైన పెద్ద మంద ఉన్న ఎగువింటివాళ్ల ఆవులు పైస్టేషను పక్కనుంచే దిగుతాయి కాబట్టి వాటిని ముందు పోనిచ్చి, వాటి వెనక కిరీటం బండిని వదిలేవాళ్లు.

రోమెడ్ బ్రేకు ఎందుకు వదలడో అఫ్రాకు తెలుసు. ఆవిడ నవ్వేది అందుకే. నవ్వకపోతే ఇద్దరూ ఏడవాల్సి వచ్చేది.

రోమెడ్, అతని అన్న కాసియన్ ఈ లోయలో పుట్టినవాళ్లు కాదు. తల్లీ తండ్రీ పోయాక కొండకు అవతలి వైపు నుంచి ఎగువింటికి పనికి వచ్చారు. పశువుల కొట్టం పైన, గడ్డిలో పడుకునేవాళ్లు. ఇప్పుడు పట్టాలున్న ఏటవాలు అంతా అప్పట్లో గడ్డికోత నేల. కోసిన గడ్డిని కొమ్ముల బండి మీద కట్టి, ఒక మనిషి ఆ రెండు కొమ్ముల మధ్య నిలబడి, బరువంతా వీపు మీద ఆన్చుకుని, మడమలు నేలలో దిగేసుకుంటూ కిందికి తేవాలి. చక్రాలుండవు. ఎండిన గడ్డి మీద ఆ బండి నూనె రాసినట్టు జారుతుంది. మనిషి మడమలే దానికి బ్రేకు.

ఒక ఆగస్టు మధ్యాహ్నం కాసియన్ మడమలు ఆగలేదు. బండి అతన్ని తోసుకుంటూ వెళ్లి కింది బండరాళ్ల మీద పడింది. రోమెడ్ వెనకాలే గడ్డి ఎత్తే పంగలకర్ర పట్టుకుని వస్తున్నాడు, పట్టుమని పదిహేనేళ్లు లేవు. అన్న బూట్లు నేలలో గీసిన రెండు చాళ్లు పచ్చిక మీద కిందిదాకా ఉన్నాయి. వాటి వెంటే నడిచి వెళ్లి అన్నను చూశాడు.

ఆ సెప్టెంబరులో ఎగువింటి ఆవులకు కిరీటం కట్టారు.

అప్పటి ఆసామి చెడ్డవాడేం కాదు. శవపేటిక తనే చేయించాడు, పాదిరికి డబ్బు తనే ఇచ్చాడు. కానీ కాసియన్ పనివాడు. పనివాడు పోతే ఇంట్లో చావు జరిగినట్టా? మందలో ఏ ఆవూ పోలేదు, ఇంట్లో అంతా బాగున్నారు, వేసవి చల్లగా గడిచింది. ఇదీ లెక్క. ఎవరూ తప్పు పట్టలేదు. ముందావు తాడు ఏటా కాసియన్ పట్టుకునేవాడు కాబట్టి ఆ ఏడు తాడు రోమెడ్ చేతికిచ్చారు. పూలు కట్టిన ఆవును పట్టుకుని, గంటలు మోగుతుంటే, మట్టి ఇంకా ఆరని అన్న సమాధి పక్కనుంచి వాడు నడిచి వెళ్లాడు. దారి పక్కన జనం చప్పట్లు కొట్టారు. ఆ మాట రోమెడ్ జీవితంలో ఒక్క మనిషికే చెప్పాడు, అఫ్రాకు. మీకు నేను చెబుతున్నానంటే అది ఆవిడ చెబితే విన్నదే.

ఈ ఏడు జులైలో, ఎండ బాగా కాస్తున్న ఒక రోజు, రోమెడ్ ఫోను ఎత్తి, "అవ్వ, మనవడు. మనవడికి భయం లేదు, అవ్వకు చాలా ఉంది" అన్నాడు. "పంపు. అవ్వను నేను చూసుకుంటా" అంది అఫ్రా. అవ్వ కిందికి చేరేసరికి అఫ్రా బెంచీ మీద కూర్చుని ఉంది. లేవబోయి లేవలేకపోయింది. భయపడుతూ వచ్చిన అవ్వే ఆవిడ తల పట్టుకుని, మనవణ్ణి నీళ్లకు పరిగెత్తించింది. ఆస్పత్రిలో రెండు రోజులుంది. గుండె అన్నారు. మూడో పొద్దున రోమెడ్ ఒక్కడే బస్సు దిగాడు.

సమాధి దగ్గరకు ఊరంతా వచ్చింది. ఒక్కొక్కరూ ఫర్ రెమ్మతో తీర్థం చల్లి, రోమెడ్ చేయి పట్టుకుని వెళ్లారు. ఎగువింటి బుర్గి కూడా వచ్చింది. ఆ ఆసామి కూతురు, ఇప్పుడు ఇల్లూ మందా ఆమెవే. ఆమెకూ రోమెడ్‌కూ ఎదురుపడితే తల ఊపుకోవడం తప్ప పెద్దగా మాటల్లేవు. తీర్థం చల్లింది, రోమెడ్ మొహంలోకి ఒకసారి చూసింది, మాటా పలుకూ లేకుండా వెళ్లిపోయింది. ఎగువింటివాళ్లకు ఆ బిగువు ఎప్పుడూ ఉన్నదేలే అనుకున్నాం.

వారం తిరక్కుండానే రోమెడ్ పైకి వెళ్లాడు. కింద మోనికా అనే ఆవిడను పెట్టారు. పనిలో వంక పెట్టడానికి లేదు, చేయి చురుకు. రోమెడ్ అలవాటు కొద్దీ ఫోను ఎత్తి, "పచ్చ చొక్కా పిల్లాడు, వాళ్లమ్మ. అమ్మకు భయం" అన్నాడు.

"అయితే నన్నేం చేయమంటావు?" అంది మోనికా.

"ఏం లేదు. ఊరికే చెప్పా."

"బండి వస్తోందంటే చాలు రోమెడ్. చొక్కా రంగులతో నాకేం పని."

అప్పట్నుంచి "వస్తోంది" అనేవాడు. అంతే. కింద దిగినవాళ్లు కాస్త తూలుతూ, ఎటు వెళ్లాలో తెలియక అటూ ఇటూ చూసి, కాఫీ దుకాణం వైపు వెళ్లిపోయేవాళ్లు. పైన రోమెడ్ మాత్రం కాళ్లు చూస్తూనే ఉన్నాడు, పిడుల సంగతి చెబుతూనే ఉన్నాడు. వాళ్ల గురించి చెప్పుకోవడానికి అతనికి మనిషి లేకుండా పోయింది.

సెప్టెంబరు మొదట్లో సంఘం పెద్ద గొట్లీబ్ పైకి వచ్చాడు. సత్రం యజమాని, మంచివాడే, కాకపోతే ఏ మాటైనా బ్యాండు మేళంతో మొదలుపెట్టే రకం. ఆ రోజు మాత్రం టోపీ చేతిలో పట్టుకుని, గదిలో ఉన్న ఒక్క స్టూలు మీద కూర్చుని చాలాసేపు నసిగాడు.

"ఆఖరి రోజు దగ్గర పడుతోంది కదా రోమెడ్."

"పడుతోంది."

"కిరీటం నువ్వే కడితేనే అందం. ఇంకెవరి చేతికీ రాదది."

రోమెడ్ గ్రీజు గుడ్డతో పిడి తుడుస్తున్నాడు. తుడుస్తూనే, "ఈ ఏడు కూడానా?" అన్నాడు.

గొట్లీబ్ టోపీ తిప్పాడు. "చూడు, నీ బాధ నాకు తెలీదా? అఫ్రా లాంటి మనిషి మళ్లీ రాదు. కానీ కిరీటం బండిది. బండి మీద ఎవరికీ ఏమీ కాలేదు కదా. అఫ్రా పోయింది ఆస్పత్రిలో. పైగా కాగితాలు పంచేశాం, బ్యాండువాళ్లకు చెప్పేశాం. రెండు బస్సుల జనం వస్తున్నారు. పూలు లేకపోతే ఇక్కడేదో ప్రమాదం జరిగిందనుకుంటారు. పిల్లల్ని తీసుకుని మళ్లీ ఎవరు వస్తారు చెప్పు."

"నిజమేలే."

"తప్పుగా అనుకోకు."

"తప్పేముంది. లెక్క ప్రకారం మాట్లాడావు."

గొట్లీబ్‌కు ఆ మాటలో ఉన్న ముల్లు దిగలేదు. హమ్మయ్య అనుకుని, రోమెడ్ భుజం తట్టి దిగిపోయాడు. రోమెడ్ ఆ పిడినే ఇంకా తుడుస్తూ నిలబడ్డాడు. యాభై ఏళ్లు ఈ ఊళ్లో బతికాడు, ఈ ఊరి పిల్లనే చేసుకున్నాడు, ఈ ఊరి సమాధుల్లోనే ఇద్దరిని పెట్టాడు. అయినా తన ఇంట్లో చావు ఈ ఊళ్లో చావు కాదు. ఆవులున్నవాడి ఇల్లే ఇల్లు. అప్పుడు పదిహేనేళ్లు లేవు కాబట్టి నోరు మూసుకుని తాడు పట్టుకున్నాడు. ఇప్పుడు ఏం అడ్డొచ్చింది? అడిగి ఉంటే గొట్లీబ్ మానేసేవాడే కావచ్చు. కానీ అడిగి పెట్టించుకునే దుఃఖం ఏం దుఃఖం. వాళ్లకే తెలియాలి. తెలియకపోతే అడగడు. రోమెడ్ పంతం అలాంటిది, నన్నడిగితే సగం పొగరు.

ఆదివారం ప్రార్థన అయ్యాక కొమ్మలకు బయలుదేరాడు. చేతి నిండా కొమ్మలతో దిగుతుంటే దారిలో బుర్గి ఎదురైంది. మందకు ఉప్పు మూట భుజాన వేసుకుని పైకి వెళుతోంది. ఆగింది. కొమ్మల వంక చూసింది.

"ఎవరికి ఈ పూలు?"

"బండికి. మీ ఆవులకు నువ్వు కడతావుగా, బండికి నేను."

"నిన్ను కట్టమన్నారా?"

"ఏటా కట్టేదేగా."

"నువ్వు సరేనన్నావా?"

రోమెడ్‌కు ఒళ్లు మండింది. "ఎగువింటివాళ్లు అడిగే మాటేనా ఇది? మీ ఇంట్లో నేర్చుకున్న పనే చేస్తున్నా."

బుర్గి మొహంలో రంగు మారింది. ఉప్పు మూట ఇటు భుజం నుంచి అటు మార్చుకుని, తల వంచుకుని పైకి నడిచింది. అనకూడని మాట అన్నానని ఇంటికి చేరేదాకా రోమెడ్ తనను తానే తిట్టుకున్నాడు. అప్పటికి ఆమె ఆరేళ్ల పిల్ల. ఆమెనంటే ఏం లాభం.

మధ్యాహ్నమంతా వంటింట్లో బల్ల మీద కిరీటం అల్లాడు. కాగితం గులాబీలు అఫ్రా చేసేది, పోయిన ఏటివి డబ్బాలో మిగిలాయి. కొన్నింటి అంచులు వెలిశాయి. వెలిసినవాటిని వెనకవైపు పెట్టి, బాగున్నవాటిని ముందు గుచ్చాడు. ఆవిడ ఉంటే, "వెనకవైపు ఎవరు చూస్తారని అంత సర్దుతున్నావు" అనేది. అద్దం మధ్యలో కట్టాడు. అందులో తన మొహం కనబడితే దాన్ని బోర్లా తిప్పి, మళ్లీ సరిచేశాడు. ఏ ఏడూ కుదరనంత బాగా కుదిరింది. పని చెడగొట్టడం ఆ మనిషికి చేతకాదు.

ఆఖరి రోజు ఆకాశం కడిగినట్టుంది. కింద చర్చి వెనక బ్యాండువాళ్లు తయారుగా ఉన్నారు. పైన రెండు బస్సుల జనం పచ్చిక మీద నిండిపోయారు, పిల్లలు ఫర్ కాయలు విసురుకుంటున్నారు. గొట్లీబ్ పండగ కోటు వేసుకుని అందరికీ చేతులు కలుపుతున్నాడు. రోమెడ్ ఆఖరి బండిని పట్టాల మీదికి తోసి, కిరీటం ముందు కట్టి, తాడు బిగించాడు. జనం ఫోటోలు తీసుకున్నారు. ఎవరో ఒకామె, "అబ్బ, ఎంత బాగుందో, ఎవరు కట్టారు?" అని అడిగింది. గొట్లీబ్ రోమెడ్‌ను చూపించాడు. ఆమె చప్పట్లు కొట్టింది. రోమెడ్ మళ్లీ తాడు ముడి వైపు తిరిగాడు. అతను ఎప్పుడో విన్న చప్పుడే అది.

ఇక ఎగువింటి ఆవులు రావాలి. అందరూ గంటల కోసం చెవులు రిక్కించారు. గంటలు వినబడలేదు. చాలాసేపటికి పై మలుపు దగ్గర మంద కనబడింది, చప్పుడు మాత్రం లేదు. గిట్టల అడుగులే వినబడ్డాయి. ముందు బుర్గి, నల్ల దుస్తుల్లో, ముందావు తాడు పట్టుకుని. ఆవు నొసటన ఏమీ లేదు. దాని వెనక ఆవుల మెడల్లో పెద్ద గంటలు గడ్డి కుక్కుకుని మూగగా ఊగుతున్నాయి.

మా ఊరివాళ్లు ఒక్కొక్కరే టోపీలు తీశారు. ఏం తెలియని బస్సుల జనం కూడా వాళ్లను చూసి మాటలాపేశారు. ఏం జరిగిందని అడగకూడదు గానీ, కంగారులో గొట్లీబ్ ఎదురెళ్లాడు.

"బుర్గి, ఏమైంది? ఆవు పోయిందా? నాకు కబురైనా లేదే."

"ఆవులన్నీ బాగున్నాయి."

"ఇంట్లో ఎవరైనా..."

"జులైలో పోయింది కదా, అఫ్రా. నువ్వూ వచ్చావు సమాధి దగ్గరకు."

గొట్లీబ్ మంద వైపు చూశాడు. "అఫ్రా... మీ ఇంటి మనిషి కాదు కదా."

"ఆవిడ మొగుడు మా ఇంటివాడు" అంది బుర్గి. "మా బల్ల దగ్గర తిన్నాడు, మా కొట్టంలో పడుకున్నాడు, మా గడ్డి మోశాడు. ఇతను మా ఇంటివాడు కాకపోతే ఎవరింటివాడో నువ్వు చెప్పు."

తర్వాత రోమెడ్ దగ్గరకు వచ్చి నిలబడింది. ఆవు ఆమె భుజం మీదుగా తల చాచి కిరీటంలోని ఫర్ కొమ్మను వాసన చూసింది.

"కాసియన్ పోయిన ఏడు నాకు కొత్త గౌను కుట్టించారు" అంది. "దారి పక్కన నిలబడి చప్పట్లు కొట్టా. నువ్వు ఆవును పట్టుకుని నా ముందు నుంచే వెళ్లావు. నీ మొహం చూశాక చేతులు దించేశా. ఇంటికొచ్చి నాన్నను అడిగితే, చిన్నపిల్లవు, నీకెందుకన్నాడు."

రోమెడ్ బండి అంచు పట్టుకున్నాడు.

"నాన్న పోయేదాకా అడుగుదామనే అనుకున్నా, అడగలేదు. మొన్న దారిలో నువ్వన్నదాంట్లో తప్పేం లేదు." ఆవు నుదుటి మీద, పూలు ఉండాల్సిన చోట చేయి పెట్టింది. "ఆ ఏడు కట్టిన పూలు ఇవాళ విప్పాననుకో."

ఆమె తాడు లాగింది. మంద కదిలింది. పట్టాల పక్క నుంచి, జనం మధ్య నుంచి, ఒక్కొక్క ఆవూ దాటి కింది దారి పట్టింది. కాసియన్ మడమలు గీసిన చాళ్లు ఎప్పుడో పూడిపోయిన ఏటవాలు పక్కనే దిగింది. రోమెడ్ చూస్తూ నిలబడ్డాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోతుంటే తుడుచుకోలేదు. అఫ్రా సమాధి దగ్గర కూడా ఏడవని మనిషి, అంతమంది ముందు, పెదవి బిగబట్టుకోకుండా ఏడ్చాడు.

గొట్లీబ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. తన టోపీ ఎప్పుడు తీశాడో అతనికే తెలీదు. కిరీటం తాడు ముడి దగ్గర చేయి పెట్టి, "నేను విప్పనా?" అని మెల్లగా అడిగాడు.

"వద్దు. నేను కట్టిందే." రోమెడ్ ముడి విప్పి, కిరీటాన్ని బండిలో ముందు సీటు మీద పెట్టాడు. సాయంత్రం సమాధుల దగ్గరకు తీసుకెళ్లాలి. ఒకటే కిరీటం, చోట్లు రెండు. సగం చేస్తే సరిపోతుందనుకున్నాడు.

తర్వాత గదిలోకి వెళ్లి ఫోను ఎత్తాడు.

"ఆఖరి బండి వస్తోంది" అన్నాడు. "పూలు లేవు. బ్యాండు ఆపమని చెప్పు."

ఆవులు ఎలా దిగుతున్నాయో అప్పటికి కిందివాళ్లకూ కనబడుతోంది. బ్యాండువాళ్లు వాయిద్యాలు ఒళ్లో పెట్టుకున్నారని తర్వాత చెప్పారు.

"బండిలో ఎవరు?" అని అడిగింది మోనికా. ఆ ప్రశ్న ఆమె ఎన్నడూ అడగలేదు.

రోమెడ్ తన నల్ల టోపీ వెనక్కి తోసుకున్నాడు.

"నల్ల టోపీ, ముసలాయన. ఒక్కడే. కొంచెం భయం" అన్నాడు. "చూసుకో."

"పంపు" అంది మోనికా. "ఎదురొస్తా."